దోషం కోడలిదేనా? సంతానలేమి – పురుషుని బాధ్యత

 

సకల స్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే. దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతిశుభాలు కురియుగాక!

మింబరు మీద నిలబడినప్పుడు కొన్ని విషయాలు నోటికి రావు. ఎదురుగా చిన్నపిల్లలు ఉంటారు, తెల్లగడ్డాల పెద్దలు ఉంటారు. సిగ్గు అడ్డువస్తుంది. అయితే ఆ సిగ్గు చాటున ఒక ఆడపిల్ల కాపురం కూలిపోతుంటే, ఆ మౌనం మంచిది కాదు. అన్సారు స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నది ఇందుకే. ధర్మం నేర్చుకునే విషయంలో సిగ్గు వారికి అడ్డురాలేదు. మింబరు మీద చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో మగవారు ముందుగా చదవాలని నా మనవి.

గత ఏడాది జుమా నమాజు అయ్యాక దివిసీమ నుంచి వచ్చిన ఒక యువకుడు బందరులో నన్ను కలిశాడు. అందరూ వెళ్లేదాకా వజూ చేసే చోట కూర్చుని ఉన్నాడు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. ఆయనకు నిఖా అయి ఆరేళ్లు. కువైట్‌లో డ్రైవరు. భార్యది గుడివాడ. పిల్లలు లేరు. మూడు నెలల క్రితం ఆ అమ్మాయిని పుట్టింటికి పంపేశారు.

“హజ్రత్, అమ్మ ఇంకో సంబంధం చూసింది. పిల్లలు లేకపోతే రెండో నిఖాకు షరీఅత్ ఒప్పుకుంటుంది కదా?” అని అడిగాడు.

“డాక్టరుకు చూపించారా భాయ్?” అన్నాను.

“ఎందుకు చూపించలేదు హజ్రత్! విజయవాడలో రెండు చోట్ల చూపించాం. స్కానింగు, రక్తపరీక్ష, ట్యూబుల పరీక్ష అన్నీ చేశారు. ఆమెలో ఏ లోపమూ లేదన్నారు.”

“మరి నీ పరీక్ష?”

ఆయన ముఖం ఎర్రబడింది. “నాకెందుకు హజ్రత్? నేను బాగానే ఉన్నాను” అన్నాడు.

సోదరులారా! ఈ ఒక్క మాట మన సీమలో ఎన్ని ఇళ్లలో వినిపిస్తున్నదో ఆలోచించండి. సూదులు, మాత్రలు, స్కానింగులు, నిందలు అన్నీ కోడలికే. కొడుకును ఒక్క పరీక్ష చేయించుకోమని అడిగేవారే లేరు. అల్లాహ్ గ్రంథం, ప్రవక్త (స) సంప్రదాయం, వైద్యులు తెలుసుకున్న సంగతులు ఈ అలవాటును సమర్థిస్తున్నాయా? చూద్దాం.

సంతానం ఎవరి చేతిలో ఉంది?

సూరా అష్షూరా 49, 50 ఆయతులలో అల్లాహ్ నాలుగు రకాల ఇళ్ల గురించి తెలియజేశాడు. తాను కోరిన వారికి ఆయన ఆడపిల్లలను ఇస్తాడు. కోరిన వారికి మగపిల్లలను ఇస్తాడు. కొందరికి ఇద్దరినీ కలిపి ఇస్తాడు. తాను కోరిన వారిని సంతానం లేనివారిగా ఉంచుతాడు. ఆయన సర్వమూ ఎరిగినవాడు, అన్నిటిపై అధికారం గలవాడు. సంతానం లేకపోవడాన్ని ఇక్కడ శాపమనీ, శిక్ష అనీ చెప్పలేదు. ఇవ్వడం ఎవరి నిర్ణయమో ఇవ్వకపోవడం కూడా ఆయన నిర్ణయమే.

మరొక విషయం గమనించండి. ఆ ఆయతులో వచ్చిన ‘అఖీమ్’ అనే అరబీ పదాన్ని పురుషునికీ వాడతారు, స్త్రీకీ వాడతారు. మన వాడుకలో ఏముంది? తెలుగులో ‘గొడ్రాలు’ అంటాం, ఉర్దూలో ‘బాంఝ్’ అంటాం. రెండు మాటలనూ ఆడదాని మీదే విసురుతాం. మగవాడికి అలాంటి మాట వీధిలో వినబడదు. అల్లాహ్ గ్రంథం ఇద్దరికీ ఒకే మాట వాడితే, మనం ఒక్కరి నెత్తినే రుద్దాం.

హజ్రత్ జకరియ్యా (అ) ప్రార్థనను సూరా మర్యమ్ ప్రారంభంలో చదవండి. వృద్ధాప్యం వచ్చింది, పిల్లలు లేరు. ఆయన తన ప్రభువును రహస్యంగా వేడుకున్నారు. ముందుగా ఏం చెప్పుకున్నారు? తన ఎముకలు బలహీనపడ్డాయని, తన తల నెరిసిపోయిందని తన సంగతే విన్నవించుకున్నారు. ఆ తరువాతే భార్య గొడ్డుతనం ప్రస్తావన. సూరా ఆలి ఇమ్రాన్‌లోనూ అదే వరుస. మొదట తన ముసలితనం, తరువాత భార్య స్థితి. ఒక ప్రవక్త తన బలహీనతను ముందు చెప్పుకుంటే, మన యువకుడు “నేను బాగానే ఉన్నాను” అంటున్నాడు!

విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి)కు సంతానం లేదు. దైవప్రవక్త (స)కు పిల్లలు కలిగింది హజ్రత్ ఖదీజా (రజి), హజ్రత్ మారియా (రజి) ద్వారానే. మిగిలిన పవిత్ర సతీమణులలో ఎవరినైనా ప్రవక్త (స) ఈ కారణంతో చిన్నచూపు చూశారా? ఎన్నడూ లేదు. పైగా హజ్రత్ ఆయిషా (రజి) తన అక్క కొడుకు అబ్దుల్లాహ్ పేరుతో ‘ఉమ్మె అబ్దుల్లాహ్’ అని పిలిపించుకునేందుకు ఆయన అనుమతించారు. మనసు నొప్పించకుండా ఆదరించడమంటే ఇదీ.

ఒక బిందువులోని సూచనలు

మానవుడు తాను దేనితో పుట్టించబడ్డాడో చూసుకోవాలని ఖుర్ఆన్ అనేకచోట్ల హెచ్చరించింది. సూరా అత్తారిఖ్‌లో వెలువడే ద్రవం ప్రస్తావన ఉంది. సూరా అద్దహ్ర్ రెండో ఆయతులో మిశ్రమ బిందువు ప్రస్తావన ఉంది. ఇవి చదివి అహంకారం వదలాలి. ఆ బిందువు గురించి కొంత తెలుసుకుంటే మన అపోహలూ వదులుతాయి.

పురుషుని శరీరంలో వీర్యకణాలు వృషణాలలో తయారవుతాయి. ఒక కణం రూపొందడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. అది పరిపక్వమై బయటికి రావడానికి మరో రెండు వారాల వరకు పడుతుంది. అంటే దాదాపు మూడు నెలలు. ఈ రోజు మన శరీరంలో ఉన్న కణాలకు మూడు నెలల క్రితమే పునాది పడింది. పొడవు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు ఉండే ఆ కణాలు ఆరోగ్యవంతుడిలో రోజుకు కోట్ల సంఖ్యలో తయారవుతాయి. వాటిలో ఒక్కటి అండంతో కలిస్తే చాలు. ఆ ఒక్కటి ఏదో నిర్ణయించేది ఎవరు? సుబ్‌హానల్లాహ్!

వృషణాలు శరీరం లోపల కాక బయట సంచిలో ఎందుకున్నాయి? వీర్యకణాల తయారీకి శరీర ఉష్ణోగ్రత కంటే 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ తక్కువ వేడి కావాలి గనుక. సృష్టికర్త చేసిన ఈ ఏర్పాటు చూడండి!

ఇప్పుడు మొదటి అపోహ. దాంపత్యానికి శక్తి ఉండటం వేరు, సంతానానికి తగిన వీర్యకణాలు ఉండటం వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్లే అనుకోవడం పొరపాటు. మీసం, గడ్డం, కండబలం, దాంపత్యశక్తి అన్నీ సక్రమంగా ఉన్న మనిషిలోనూ వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. కంటికి చూసి చెప్పలేం. సూక్ష్మదర్శిని కిందనే తెలుస్తుంది. కాబట్టి కణాలు తక్కువైతే మగతనం పోయినట్లు కాదు, మగతనం ఉందని కణాలు ఉన్నట్లూ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన కొలతల ప్రకారం ఒక మిల్లీలీటరు వీర్యంలో కణాలు 1 కోటి 60 లక్షలు, కదలిక గల కణాలు 42 శాతం అనేవి కింది హద్దులు. ఇంతకు తగ్గితే సంతానం అసాధ్యమని అర్థం కాదు, వైద్యుడు శ్రద్ధగా చూడాలని అర్థం. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని అదే సంస్థ 2023లో తెలిపింది. ఇలాంటి జంటలలో దాదాపు సగం మందిలో పురుషుని వైపు కారణం ఉంటుంది. అది ఒంటరిగా ఉండవచ్చు, భార్య వైపు కారణంతో కలిసీ ఉండవచ్చు. సగం కారణం మనవైపు ఉండగా పరీక్షలన్నీ ఆమెకే చేయించడం న్యాయమా?

రెండో అపోహ ఆడపిల్లల గురించి. వరుసగా ఆడపిల్లలు పుడితే కోడలిని సాధించే ఇళ్లున్నాయి. బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి నుంచి వచ్చే వీర్యకణాన్ని బట్టి. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. ఎక్స్ గానీ వై గానీ తండ్రి కణమే తెస్తుంది. సూరా అన్నజ్మ్ 45, 46 ఆయతులలో ఆడ, మగ జంటను స్ఖలించే బిందువు నుంచే పుట్టించానని అల్లాహ్ తెలిపాడు. తండ్రి అయినా దానిని ఎంచుకుని పంపలేదు. ఇక తల్లిని నిందించేందుకు ఏం మిగిలింది?

మన సీమలో కనిపించే కారణాలు

ఆ కువైట్ సోదరునితో నేను లెక్క వేశాను. నిఖా అయిన నాలుగు నెలలకు గల్ఫ్ వెళ్లాడు. రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు. రెండుసార్లు వచ్చి వెళ్లాడు, మూడోసారి ఇప్పుడే వచ్చాడు. అంటే ఆరేళ్ల నిఖాలో భార్యాభర్తలు కలిసి ఉన్నది ఎనిమిది నెలలు! పన్నెండు నెలలు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతేనే వైద్యులు దానిని సంతానలేమిగా లెక్కిస్తారు. అండం విడుదలయ్యాక ఒక రోజుకు మించి బతకదు. వీర్యకణం స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలదు. అంటే నెలలో గర్భం నిలిచే అవకాశం ఉన్నది ఆరు రోజులే. రెండు నెలల సెలవులో ఆ ఆరు రోజులు రెండుసార్లే వస్తాయి. అటువంటి ఇంట్లో కోడలిని “ఆరేళ్లయింది” అని సాధించడం ఎంత అన్యాయం!

ఇక వేడి. చిలకలపూడి రోల్డుగోల్డు పనిలో కొలిమి ముందు, పెడన అద్దకంలో మరిగే కాగుల ముందు, హోటళ్లలో పొయ్యి ముందు గంటల తరబడి నిలబడే సోదరులున్నారు. లారీ, కారు సీట్లో పొద్దంతా కూర్చునేవారున్నారు. ఎడతెగని వేడి వీర్యకణాల తయారీని తగ్గించగలదు. పని మానమని చెప్పడం లేదు. మధ్యలో లేచి చల్లటి చోటికి వెళ్లాలి, వదులైన బట్టలు కట్టాలి. మన సున్నతు దుస్తులు వదులైనవే కదా.

పురుగుమందులు. సార్వాలో, దాళ్వాలో ఒంటిమీద చొక్కా లేకుండా మందు పిచికారీ చేసేవారిని దివిసీమ పొలాల్లో అందరం చూశాం. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కర్మాగారంలో కొందరు కార్మికులకు పిల్లలు పుట్టడం లేదని తేలింది. పరీక్షిస్తే చాలామందిలో వీర్యకణాలు బాగా తగ్గిపోయాయి, కొందరిలో పూర్తిగా లేవు. ఆ మందును తరువాత అక్కడ నిషేధించారు. మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, ఒంటినిండా బట్ట ఉండాలి. ఇంటికి రాగానే స్నానం చేసి ఆ బట్టలు వేరుగా ఉతకాలి. మన ప్రాణాన్ని మన చేతులతో నాశనంలో పడేసుకోవద్దని అల్లాహ్ ఆజ్ఞాపించాడు.

సిగరెట్టు, బీడీ, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ వీర్యకణాలకు హాని చేస్తాయి. సారాయి సంగతి చెప్పనక్కరలేదు, అది ముందే హరామ్. జిమ్ములో కండల కోసం తీసుకునే స్టెరాయిడు, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు మగతనం పెంచుతాయని కుర్రాళ్లు నమ్ముతున్నారు. నిజానికి అవి వీర్యకణాల తయారీని ఆపివేయగలవు. స్థూలకాయం, అదుపు తప్పిన మధుమేహం, యుక్తవయసు తరువాత గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచడం కూడా కారణాలు కావచ్చు. వృషణాల సిరలు ఉబ్బే వేరికోసీల్ సాధారణ పురుషులలో వందకు 15 మందిలో ఉంటే, పిల్లలు కలగని పురుషులలో సుమారు 35 నుంచి 40 మందిలో కనిపిస్తుంది. అవసరమైతే దానికి ఆపరేషను ఉంది, చాలామందికి మేలు జరుగుతుంది.

పైన చెప్పిన మూడు నెలల లెక్క ఇక్కడ గుర్తుంచుకోండి. ఈ రోజు పొగాకు మానితే ఫలితం రేపు కనిపించదు. మూడు నెలలు సబ్రు చేయాలి.

పరీక్షకు సిగ్గు వద్దు

వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోమని దైవప్రవక్త (స) చెప్పారు. అల్లాహ్ ఏ జబ్బునూ మందు లేకుండా దించలేదని, ముసలితనం ఒక్కటే దీనికి మినహాయింపు అని వివరించారు. కాబట్టి వైద్యానికి వెళ్లడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

వీర్య పరీక్ష నొప్పి లేనిది. స్త్రీకి చేసే అనేక పరీక్షల కంటే సులువు, ఖర్చు తక్కువ. కాబట్టి ముందు చేయవలసింది ఇదే. పరీక్షకు ముందు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా దాంపత్యానికి దూరంగా ఉండాలి. నమూనా గంటలోపు ల్యాబుకు చేరాలి. నాగాయలంక, కోడూరు వంటి చోట్ల ఇంట్లో తీసి బస్సులో పట్టణానికి తెస్తే ఫలితం తప్పుగా రావచ్చు. ల్యాబు దగ్గరే ఇవ్వడం మేలు. ఒక్క పరీక్షతో తేల్చుకోవద్దు. తేడా వస్తే కొన్ని వారాల తరువాత మళ్లీ చేయించాలి. నడుమ గట్టి జ్వరం వచ్చినా కణాలు తాత్కాలికంగా తగ్గుతాయి.

“హజ్రత్, నమూనా ఇచ్చే పద్ధతి జాయిజేనా?” అని చాలామంది అడుగుతారు. భార్య సహాయంతో తీయగలిగితే అదే ఉత్తమం. అది వీలుకాని చోట వైద్య అవసరం మేరకు ఉలమాలు అవకాశం ఇచ్చారు. అశ్లీల చిత్రాలు చూడటానికి మాత్రం అనుమతి లేదు, ల్యాబు వారు చూపించినా సరే. శరీర పరీక్షలో అవసరమైనంత మేరకే సతర్ తొలగించాలి. పురుషునికి పురుష వైద్యుడు, స్త్రీకి స్త్రీ వైద్యురాలు దొరికితే వారినే ఎంచుకోవాలి.

హలాల్ మార్గం, హరామ్ మార్గం

మందులతో, ఆపరేషనుతో కుదరకపోతే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఉంది. 1978 జూలైలో ఇంగ్లండులో, అదే ఏడాది అక్టోబరులో మన కలకత్తాలో ఈ విధానంలో శిశువులు పుట్టారు. కణాలు బాగా తక్కువగా ఉన్నవారికి ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే ‘ఇక్సీ’ పద్ధతి 1992 నుంచి అందుబాటులోకి వచ్చింది. 1980లో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షేక్ జాదుల్ హఖ్ దీనిపై ఫత్వా ఇచ్చారు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ ఏడు పద్ధతులను పరిశీలించి ఐదింటిని నిషేధించింది, రెండింటిని అవసరం ఉన్నప్పుడు అనుమతించింది.

సారాంశం ఇదే. వీర్యం భర్తదే, అండం భార్యదే, గర్భం ఆ భార్యదే కావాలి. నిఖా నిలిచి ఉండగానే జరగాలి. జాగ్రత్తలు తీసుకోవాలి. మూడో మనిషి వీర్యం గానీ, అండం గానీ, గర్భం గానీ మధ్యలోకి వస్తే అది హరామ్. ఎందుకు? నసబ్, అంటే వంశం, అల్లాహ్ కాపాడమన్న అమానతు గనుక. తండ్రి ఎవరో తెలియని బిడ్డకు వారసత్వం ఎలా పంచుతారు? రేపు నిఖాలో ఎవరు ఎవరికి మహ్రమో ఎలా తేలుస్తారు?

2019 సెప్టెంబరు 5న గుంటూరులో డెబ్భై ఏళ్లు దాటిన తూర్పుగోదావరి స్త్రీ ఒకరు కవల ఆడపిల్లలను కన్న వార్త దేశమంతా వ్యాపించింది. దశాబ్దాల తరబడి ‘గొడ్రాలు’ అన్న చూపులు ఆ తల్లిని ఎంత బాధించాయో అందరూ చదివారు. ఆమె బాధ నిజం. అయితే అందులో వాడినది దాత అండం. ఆ మార్గం మనకు తెరిచి లేదు. నేను ఆమెను నిందించడం లేదు. డెబ్భై దాటినా ఒక స్త్రీని వదలని మన నాలుకలను నిందిస్తున్నాను.

2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద కేసు నమోదైంది. సరోగసీ ద్వారా తమ బిడ్డేనని చెప్పి రాజస్థాన్‌కు చెందిన ఒక జంటకు శిశువును ఇచ్చారు. డీఎన్ఏ పరీక్షలో ఆ బిడ్డ వారిది కాదని తేలింది. ఒక పేద జంట బిడ్డను డబ్బిచ్చి తెచ్చారని పోలీసులు చెప్పారు. తీర్పు న్యాయస్థానానిది. మనకు కావలసింది జాగ్రత్త. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలు తప్పక రిజిస్టరు కావాలి. ఆ పత్రం చూపించమని అడగండి. ఎవరి వీర్యం, ఎవరి అండం వాడుతున్నారో రాతపూర్వకంగా తీసుకోండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. “ఫలితం గ్యారంటీ” అనే చోటు నుంచి లేచి రండి. గ్యారంటీ ఇవ్వగలవాడు అల్లాహ్ ఒక్కడే.

అదే మాట తాయెత్తులు కట్టేవారికీ, సంతలో పొట్లాలు అమ్మేవారికీ వర్తిస్తుంది. తాయెత్తు వేలాడదీయడాన్ని ప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు. వేలకు వేలు తీసుకుని “నీ కోడలి మీద గాలి ఉంది” అని చెప్పేవాడు ధర్మాన్నీ అమ్ముకుంటున్నాడు, ఒక స్త్రీ పరువునూ అమ్ముకుంటున్నాడు. దుఆ చేయండి. జకరియ్యా (అ) చేసిన దుఆ చేయండి. ఇస్తిగ్ఫార్ చేయండి. ఇస్తిగ్ఫార్ చేసేవారికి అల్లాహ్ వర్షాన్ని, సంపదను, సంతానాన్ని అనుగ్రహిస్తాడని హజ్రత్ నూహ్ (అ) తన జాతికి బోధించిన సంగతి సూరా నూహ్‌లో ఉంది. వీటికి రుసుము లేదు.

రెండో నిఖా అడిగేవారికి

అల్లాహ్ హలాల్ చేసిన దానిని నేను హరామ్ అనను. న్యాయంగా చూసుకోగలవాడికి షరీఅత్ ద్వారం మూయలేదు. ఎక్కువమంది పిల్లలను కనగల స్త్రీని వివాహమాడమన్న హదీసునూ కొందరు గుర్తుచేస్తారు. అది సంబంధం చూసుకునేవాడికి ఇచ్చిన సలహా. ఇంట్లో ఉన్న భార్యను వెళ్లగొట్టడానికి ఇచ్చిన అనుమతి పత్రం కాదు. భార్యలతో సవ్యంగా కాపురం చేయమని, మనకు నచ్చని దానిలో అల్లాహ్ ఎంతో మేలు ఉంచి ఉండవచ్చని సూరా అన్నిసా 19వ ఆయతు బోధిస్తున్నది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి సంఘటన ఒకటి ఉల్లేఖించబడింది. ఆయన ఒక వ్యక్తిని పని మీద పంపారు. అతను అక్కడ ఒక స్త్రీని నిఖా చేసుకున్నాడు. అతను సంతానం కలగనివాడు. హజ్రత్ ఉమర్ (రజి) అతన్ని అడిగారు, ఆ సంగతి ఆమెకు తెలియజేశావా అని. లేదన్నాడు. అయితే వెళ్లి చెప్పి, ఉండాలో వెళ్లాలో ఆమెనే తేల్చుకోనివ్వమని ఆదేశించారు. చూశారా! పధ్నాలుగు వందల ఏళ్ల క్రితమే లోపం పురుషునిలోనూ ఉంటుందని గుర్తించారు. దానిని దాచనివ్వలేదు. ఈ రోజు మనవాడు తనను తాను పరీక్షించుకోకుండానే రెండో ఇంటి అమ్మాయిని తెచ్చి, రేపు ఆమెను కూడా ‘గొడ్రాలు’ అనిపిస్తే, అల్లాహ్ ముందు ఏమి జవాబు చెబుతాడు?

అత్తగారి స్థానంలో ఉన్న తల్లులారా! మీరూ ఒకప్పుడు కోడళ్లే. మీ కూతురు ఇలాంటి మాటలు పడి ఇంటికి వస్తే మీ కడుపు ఎంత రగిలిపోతుంది? అక్కడ గుడివాడలో ఉన్నదీ ఒక తల్లి కూతురే.

ఒడి నిండకపోతే

అన్ని ప్రయత్నాలూ చేసిన తరువాత కూడా సంతానం కలగని ఇళ్లు ఉంటాయి. వారికి ఒక్క మాట. మనిషి చనిపోయాక అతని కర్మలు ఆగిపోతాయని, మూడు మాత్రం ఆగవని ప్రవక్త (స) తెలిపారు. కొనసాగే దానం, ఇతరులకు ఉపయోగపడే విద్య, దుఆ చేసే మంచి సంతానం. మూడు ద్వారాలలో రెండు పిల్లలు లేనివారికీ బార్లా తెరిచే ఉన్నాయి! హజ్రత్ ఆయిషా (రజి) ఒడిలో బిడ్డ లేడు. ఆమె అందించిన హదీసు విద్యతో ఈ రోజుకూ ఉమ్మతు పోషించబడుతున్నది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన మన దివిసీమ మరువదు. ఒక్క రాత్రిలో వేలాదిమంది పోయారు. సాయంత్రం నిండుగా ఉన్న ఇళ్లు తెల్లవారేసరికి ఖాళీ అయ్యాయి. తల్లిదండ్రులు పోయిన పిల్లలు మిగిలారు, పిల్లలు పోయిన తల్లిదండ్రులు మిగిలారు. సంతానం మన సొత్తు కాదు, అమానతు అని ఆ రాత్రి నేర్పింది. అనాథను ఆదుకునేవాడు స్వర్గంలో తనకు రెండు వేళ్లంత దగ్గరగా ఉంటాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అనాథ బిడ్డను చట్టప్రకారం తెచ్చి పెంచండి. అయితే బిడ్డ అసలు తండ్రి పేరు మార్చకూడదని సూరా అల్ అహ్‌జాబ్ ఆజ్ఞ. వారసత్వం రాదు గానీ, ఆస్తిలో మూడో వంతు లోపు వసీయతు రాయవచ్చు, బతికుండగా కానుకగానూ ఇవ్వవచ్చు.

చివరగా ఆ యువకుని సంగతి. కోపంతో వెళ్లిపోయాడు. మూడు వారాల తరువాత ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. కణాలు చాలా తక్కువ, వేరికోసీల్ ఉందని రాసి ఉంది. తల వంచుకుని, “హజ్రత్, ఇది అమ్మకు చెప్పకుండా ఆమెను తెచ్చుకుంటాను, చాలదా?” అన్నాడు.

“చాలదు భాయ్” అన్నాను. “ఆమె లోపం అయి ఉంటే దాచమని చెప్పేవాడిని. భార్యాభర్తల రహస్యం అమానతు. కాని నింద ఆమె మీద పడింది. వీధిలో పడిన నిందను గదిలో కడిగితే పోదు. నింద వేసిన ఇంట్లోనే నిజం చెప్పాలి.”

చాలాసేపు కూర్చున్నాడు. ఆ రాత్రి తల్లికి చెప్పాడట. తల్లి ఏడ్చి, మరునాడు కొడుకుతో కలిసి తానే గుడివాడ వెళ్లింది. ఆయన సెలవు పొడిగించుకుని ఆపరేషను చేయించుకున్నాడు. ఇది రాసేనాటికి వారికి సంతానం కలగలేదు. ఇచ్చేవాడు అల్లాహ్. కాని ఆ కోడలు తన ఇంట్లో ఉంది, తల ఎత్తుకుని ఉంది.

ఓ అల్లాహ్! సంతానం లేని మా సోదర సోదరీమణులకు కంటి చలువ అయ్యే సంతానాన్ని ప్రసాదించు. ఇవ్వని చోట సహనాన్ని, దానికి మించిన మేలును ప్రసాదించు. మా నాలుకలను నిందల నుంచి కాపాడు. మా లోపాన్ని ఒప్పుకునే ధైర్యాన్ని మాకు ఇవ్వు. ఆమీన్.